పొగ విషం: ఆసుపత్రికి చేరేలోపు చికిత్స

అగ్నిప్రమాదాల్లో ప్రాణాలు పోయేది ఎక్కువగా ఒళ్లు కాలి కాదు, పొగ పీల్చి. మంట చేరని పై అంతస్తు గదిలోనో, మెట్ల మలుపులోనో, తాళం వేసి ఉన్న టెర్రస్ తలుపు దగ్గరో దొరికే మృతదేహాల మీద చాలాసార్లు కాలిన గుర్తే కనబడదు. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాల్లో కింది పార్కింగ్ దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చిన పొగ బాల్కనీని కమ్మేసింది, 59 మంది ఊపిరాడక చనిపోయారు. 2011 డిసెంబరు 9న కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రిలో సెల్లార్‌లో మంట రేగితే పై వార్డుల్లో కదల్లేని రోగులు సుమారు 90 మంది మరణించారు. సికింద్రాబాద్ రూబీ హోటల్లో 2022 సెప్టెంబరు 12 రాత్రి కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో నిప్పంటుకుని, పైన లాడ్జిలో ఉన్న 8 మంది ప్రాణాలు పోయాయి. ఆరు నెలలకే, 2023 మార్చి 16న, స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 6 మంది యువతీయువకులు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ ఇంట్లో 17 మంది. స్థలాలు వేరైనా జరిగిన తీరు చాలావరకు ఒక్కటే. మంట కింద, మనుషులు పైన, మధ్యలో మెట్లదారి పొగగొట్టంగా మారిన భవనం.

ఈ విషానికి చికిత్సలో నిర్ణాయకమైన భాగం ఆసుపత్రి గేటు దాటకముందే జరగాలి. శరీరంలో చేరిన విషవాయువులు నిమిషాల్లోనే మెదడును, గుండెను దెబ్బతీస్తాయి. వాటిని వెళ్లగొట్టే మొదటి మందు ఆక్సిజన్. అది దాదాపు ప్రతి అంబులెన్స్‌లోనూ ఉంటుంది. అయినా దాన్ని ఆలస్యంగానో, తక్కువ మోతాదులోనో ఇవ్వడం, లేదా పరికరం చూపిన అంకెను నమ్మి అసలే ఇవ్వకపోవడం వల్ల జరిగే నష్టమే పెద్దది.

పొగలో ఏముంటుంది

పొగ ఒకే పదార్థం కాదు. వేడి గాలి, మసి రేణువులు, తగలబడిన వస్తువును బట్టి మారిపోయే వాయువుల మిశ్రమం. పత్తి, కలప, కాగితం గాలి చాలక నిదానంగా కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుష్కలంగా వస్తుంది. నత్రజని ఉన్న వస్తువులు, అంటే ఉన్ని, పట్టు, నైలాన్, అక్రిలిక్, సోఫాల్లోనూ పరుపుల్లోనూ ఉండే పాలియురేథేన్ ఫోమ్ కాలితే హైడ్రోజన్ సైనైడ్ వెలువడుతుంది. కరెంటు తీగల మీది పీవీసీ తొడుగు నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. లిథియం బ్యాటరీలు కాలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ కూడా తోడవుతుంది. యాభై ఏళ్ల కిందటి ఇంట్లో చెక్క మంచం, దూది పరుపు ఉండేవి. ఇప్పటి ఇంట్లో, లాడ్జిలో, ఆఫీసులో గోడ నుంచి కుర్చీ దాకా ప్లాస్టిక్కే. అందువల్ల నేటి పొగ త్వరగా పుడుతుంది, త్వరగా చంపుతుంది. బ్రెజిల్‌లోని శాంటా మరియా పట్టణంలో 2013 జనవరి 27న కిస్ నైట్ క్లబ్బులో 242 మంది చనిపోవడానికి కారణం శబ్దం బయటికి పోకుండా పైకప్పుకు అతికించిన ఫోమ్. అది కాలి సైనైడ్ వాయువును విరజిమ్మింది.

వీటితోపాటు గదిలో ఆక్సిజన్ కూడా తగ్గిపోతుంది. మామూలు గాలిలో అది 21 శాతం. 15 శాతానికి దిగితే మనిషికి తోవ తెలియదు, చేతులు స్వాధీనంలో ఉండవు. 10 కంటే తగ్గితే స్పృహ నిలవదు. తలుపు గడియ పక్కనే ఉన్నా తీయలేక పడిపోయినవారి స్థితికి ఇదొక కారణం.

శరీరంలో జరిగే మూడు రకాల దెబ్బలు

మొదటిది వేడి దెబ్బ. పొడి వేడిగాలి ముక్కు, నోరు, గొంతు దాకానే ఎక్కువగా కాలుస్తుంది. అక్కడి తడి పొరలు వేడిని పీల్చేసుకుంటాయి గనుక ఊపిరితిత్తుల లోపలికి అది పెద్దగా చేరదు. నీటి ఆవిరికి మాత్రం ఈ హద్దు లేదు. గొంతు కాలిన వెంటనే మూసుకుపోదు. వాపు మెల్లగా పెరుగుతూ 12 నుంచి 24 గంటల్లో తారస్థాయికి చేరుతుంది. మంటల్లోంచి బయటికొచ్చి మాట్లాడుతున్న మనిషి, రెండు మూడు గంటల్లో గొంతు పూడి ఊపిరి అందక మరణించడం ఈ కారణంగానే.

రెండోది రసాయనాల దెబ్బ. నీటిలో తేలిగ్గా కరిగే అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్, సల్ఫర్ డయాక్సైడ్ కళ్లను, గొంతును వెంటనే మండిస్తాయి. మనిషి పారిపోవాలని చూస్తాడు గనుక కొంత మేలు. అంతగా కరగని ఫాస్జీన్, నైట్రోజన్ డయాక్సైడ్ మొదట ఇబ్బంది పెట్టకుండానే గాలి గదుల దాకా పోయి, చాలా గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరేలా చేస్తాయి.

మూడోది, ప్రాణాలు తీయడంలో మొదటిది, ఒళ్లంతా పాకే విషం. ఇందులో ఇద్దరు హంతకులు కార్బన్ మోనాక్సైడ్, సైనైడ్.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజన్, కేవలం 0.1 శాతం కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా, కొన్ని గంటలు గడిస్తే సగం హీమోగ్లోబిన్ విషం వశమవుతుంది. మిగిలిన సగం కూడా తన ఆక్సిజన్‌ను కణాలకు సులభంగా వదలదు. అందుకే రక్తహీనతతో హీమోగ్లోబిన్ సగానికి పడిపోయిన రోగి నడుస్తూ ఉంటే, కార్బన్ మోనాక్సైడ్ వల్ల అంతే నష్టపోయిన మనిషి స్పృహ తప్పి ఉంటాడు. ఈ వాయువు గుండె కండరాన్ని, కణాల లోపలి శ్వాస యంత్రాంగాన్ని కూడా తాకుతుంది. తలనొప్పి, వాంతి, తల తిరగడం, తికమక, ఛాతీనొప్పి, మూర్ఛ, ఈ వరుసలో లక్షణాలు ముదురుతాయి. చర్మం చెర్రీ పండులా ఎర్రబడుతుందని పాఠ్యపుస్తకాలు రాస్తూ వచ్చాయి గానీ, అది బతికున్నవారిలో అరుదు. దానికోసం వెతకడం కాలయాపనే.

సైనైడ్ పనిచేసే తీరు వేరు. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణం దాన్ని వాడుకోలేకుండా, మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. కణాలు ఆక్సిజన్ లేకుండా శక్తిని తయారుచేసుకోవడానికి పెనుగులాడి లాక్టిక్ ఆమ్లాన్ని కుమ్మరిస్తాయి. పారిస్‌లో ప్రమాద స్థలాల్లోనే రక్తం తీసి పరీక్షించిన వైద్యులు 1991లో ప్రచురించిన అధ్యయనం, అగ్నిప్రమాద బాధితుల రక్తంలో సైనైడ్ ప్రమాదకర స్థాయిలో ఉంటుందనీ, ఒళ్లు పెద్దగా కాలనివారిలో లాక్టేట్ లీటరుకు 10 మిల్లీమోల్స్ దాటితే సైనైడ్‌ను అనుమానించాలనీ చూపింది. అంతకుముందు దాకా పొగ మరణాలను కార్బన్ మోనాక్సైడ్ ఖాతాలో వేయడమే అలవాటు. రెండూ కలిసి పనిచేసినప్పుడు, విడివిడిగా చంపలేని మోతాదులు కూడా చంపగలవు.

ఘటనా స్థలంలో

చికిత్స అన్నిటికన్నా ముందు కాపాడటానికి వెళ్లే మనిషి కూలిపోకుండా చూసుకోవడంతో మొదలవుతుంది. గాలి సిలిండర్‌తో ఉండే శ్వాస పరికరం లేకుండా పొగ నిండిన గదిలోకి వెళ్లినవాడు మరో బాధితుడవుతాడు. తడి గుడ్డ గురించిన నమ్మకాన్ని ఇక్కడే సరిచేయాలి. ముక్కుకు తడి గుడ్డ కట్టుకుంటే మసి కొంత ఆగుతుంది, కళ్లు గొంతు మండించే వాయువులు కొంత కరుగుతాయి. కార్బన్ మోనాక్సైడ్‌ను గానీ సైనైడ్‌ను గానీ అది ఆపదు. బయటికి పారిపోతున్నవాడికి అది ఉపయోగపడుతుంది. లోపలికి వెళ్లేవాడికి మాత్రం లేని ధైర్యాన్నిస్తుంది. పొగలో చిక్కినవారు నేలకు వంగి, పాకుతూ కదలాలి, పొగ పైకి పోతుంది గనుక అడుగున గాలి కాస్త మెరుగు. బయటికి దారి లేనప్పుడు తలుపు మూసి, కింది సందుల్లో బట్టలు కుక్కి, వీధివైపు కిటికీ దగ్గర నిలబడటం, పొగతో నిండిన మెట్లమీదికి పరుగెత్తడం కన్నా మంచిది.

101కు గానీ 112కు గానీ ఫోన్ చేసినప్పుడు, అలాగే 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటికీ తెలిసిపోయిన 108కు చేసినప్పుడు, లోపల ఎంతమంది చిక్కుకున్నారో, ఏ సామాను కాలుతోందో చెప్పడం వల్ల వచ్చే బృందం తగినన్ని సిలిండర్లతో రాగలుగుతుంది.

మనిషిని ఆరుబయటి గాలిలోకి తేవడమే మొదటి చికిత్స. మసి పట్టిన బట్టలు అక్కడే తీసేయాలి, అవి మూసిన అంబులెన్స్‌లో విషవాయువులను వదులుతూనే ఉంటాయి. స్పృహ ఉండి ఊపిరి తీసుకుంటున్నవాడిని కూర్చోబెట్టాలి, ముఖం కాలినవాడిని మరీనూ. స్పృహ లేక ఊపిరి ఆడుతున్నవాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఊపిరి ఆగిపోతే ఛాతీ నొక్కుడు, చేత్తో నొక్కే అంబు బ్యాగ్‌తో గాలి. నోట్లో నీళ్లు, పాలు, మజ్జిగ, మరే ఇంటి వైద్యమూ పోయకూడదు. తికమకగా ఉన్నవాడి ఊపిరితిత్తుల్లోకి అది పోతుంది, పైగా గొంతు వాచే మనిషికి తర్వాత శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయాల్సి రావచ్చు. కాలిన చోట 20 నిమిషాలు మామూలు చల్లటి నీటి ధార పోయడం మంచిదే. దానికోసం ఆక్సిజన్ ఆపకూడదు, పిల్లల ఒళ్లు చల్లబడిపోనివ్వకూడదు.

అంకె చేసే మోసం

అంబులెన్స్ రాగానే చేసే మొదటి పని వేలికి పల్స్ ఆక్సిమీటర్ తగిలించడం. కోవిడ్ తర్వాత ఈ పరికరం తెలియని ఇల్లు లేదు, 94 దాటితే ఫరవాలేదన్న లెక్క కూడా అందరికీ నోటికి వచ్చింది. పొగ పీల్చిన మనిషి విషయంలో ఆ లెక్క పనికిరాదు. ఈ పరికరం రెండు రకాల కాంతిని పంపి, రక్తం ఎంత ఎర్రగా ఉందో కొలుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్ ఎర్ర కాంతికి ఆక్సిజన్ పట్టిన హీమోగ్లోబిన్‌లాగే కనిపిస్తుంది. కాబట్టి మూడోవంతు రక్తం విషమయమైనా తెర మీద 98 వెలుగుతుంది. ధమని రక్తం తీసి మామూలు గ్యాస్ పరీక్ష చేసినా, రక్తంలో కరిగిన ఆక్సిజన్ పీడనం సరిగ్గానే ఉంటుంది. నిజం చెప్పగలిగేది హీమోగ్లోబిన్ రకాలను విడివిడిగా కొలిచే కో-ఆక్సిమీటర్ ఒక్కటే. దానికి సిర రక్తం చాలు. వేలికి తగిలించే కో-ఆక్సిమీటర్లు కూడా ఉన్నాయి గానీ, వాటిలో ఎక్కువ అంకె వస్తే నమ్మవచ్చు, తక్కువ వచ్చిందని విషం లేదనుకోవడం తప్పు. ఆసుపత్రికి చేరేసరికి ఆక్సిజన్ మీద ఉన్న రోగిలో స్థాయి దిగిపోయి ఉంటుంది. అప్పుడు తీసిన కొలతను బట్టి అసలు ఎంత విషం పట్టిందో చెప్పలేం.

అందుకే ఇక్కడ నియమం తలకిందులు. కొలిచి ఇవ్వడం కాదు, అనుమానంతోనే ఇవ్వాలి. మూసిన చోట పొగలో చిక్కుకున్న ప్రతి మనిషికీ, అంకె ఎంతున్నా, రిజర్వాయర్ సంచి ఉన్న నాన్-రీబ్రీదర్ మాస్క్‌తో నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్. ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడు సంచి పూర్తిగా ముడుచుకుపోకూడదు. ముక్కులో పెట్టే సన్నటి గొట్టం వల్ల ఇక్కడ ప్రయోజనం లేదు. సీఓపీడీ (దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న ముసలాయన అని తగ్గించడం కూడా సరికాదు, కొద్దిసేపు ఎక్కువ ఆక్సిజన్ ఇవ్వడం కన్నా ఈ విషమే అతనికి ఎక్కువ ప్రమాదం. మామూలు గాలిలో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సగానికి దిగడానికి 4 నుంచి 5 గంటలు పడితే, 100 శాతం ఆక్సిజన్‌తో గంట, గంటన్నరకు దిగుతుంది. ఘటనా స్థలంలో ఆక్సిజన్ లేకుండా వృథా అయ్యే ప్రతి నిమిషానికీ ఉన్న విలువ ఇది.

సిలిండర్ లెక్క కూడా ముందే చూసుకోవాలి. చిన్న బి-టైప్ సిలిండర్‌లో నిండుగా సుమారు 1,500 లీటర్లుంటాయి. 15 లీటర్ల చొప్పున ఒక రోగికి అది 100 నిమిషాలు. ఇద్దరికి పెడితే 50. జిల్లా కేంద్రానికి గంటన్నర ప్రయాణం ఉన్న మండలంలో ఈ లెక్క తప్పితే దారి మధ్యలో ప్రవాహం తగ్గించాల్సి వస్తుంది.

ఊపిరి దారి

ముక్కు వెంట్రుకలు కాలి ముడుచుకుపోవడం, నోట్లో మసి, నల్లటి కళ్లె, ముఖం కాలడం, గొంతు బొంగురుపోవడం గొంతు వాపుకు ముందస్తు సంకేతాలు. ఊపిరి లోపలికి తీసేటప్పుడు కీచుమనే శబ్దం వచ్చిందంటే దారి ఇప్పటికే చాలావరకు పూడింది. ఈ దశలో అవసరమైనది ట్యూబ్. అది వాపు ముదరకముందే, చేయి తిరిగిన వైద్యుడు, సాధ్యమైనంత పెద్ద సైజుతో వేయాలి. ఆలస్యమైతే మెడ ముందు కోసి దారి చేయడమే మిగులుతుంది. బేసిక్ లైఫ్ సపోర్ట్ అంబులెన్స్‌లోని ఈఎంటీకి (అత్యవసర వైద్య సహాయకుడికి) ఈ అవకాశం ఉండదు. కనుక అతను తీసుకోవాల్సిన నిర్ణయం గమ్యం గురించి. కాలిన గాయాల వార్డున్న ఉస్మానియా లేదా విశాఖ కేజీహెచ్ వంటి ఆసుపత్రి దూరంగా ఉంటే, మత్తు వైద్యుడున్న దగ్గరి ఆసుపత్రిలో ముందు గొంతును భద్రం చేయించి, తర్వాత పంపడమే మేలు. ఆడ్రినలిన్ నెబ్యులైజేషన్ వాపును కాసేపు తగ్గించవచ్చు, అది ఆ ప్రయాణం వరకే. పిల్లల గొంతు దారి సన్నం, ఊపిరి వేగం ఎక్కువ. ఒకే గదిలో పెద్దల కన్నా పిల్లలు ఎక్కువ విషం పీలుస్తారు, వారి గొంతు దారి త్వరగా పూడిపోతుంది.

పిల్లికూతలు వినిపిస్తే సాల్బుటమాల్ నెబ్యులైజేషన్, దాన్ని కూడా గాలితో కాక ఆక్సిజన్‌తోనే నడపాలి. మామూలుగా అందరికీ స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, ముందు జాగ్రత్త యాంటీబయాటిక్‌లు ఇచ్చే అలవాటుకు ఆధారం లేదు. ఛాతీనొప్పి ఉన్నా, వయసు మీదపడినవారైనా ఈసీజీ తీయాలి. కార్బన్ మోనాక్సైడ్ గుండెపోటు తెప్పించగలదు. తికమకగా ఉన్న ప్రతి రోగికీ రక్తంలో చక్కెర చూడాలి. అగ్నిప్రమాదంలో దొరికినంత మాత్రాన షుగర్ పడిపోకూడదన్న నియమం లేదు. గర్భిణికి ఆక్సిజన్ మరింత ఎక్కువసేపు కావాలి, పిండం హీమోగ్లోబిన్ కార్బన్ మోనాక్సైడ్‌ను గట్టిగా పట్టుకుని ఆలస్యంగా వదులుతుంది. బ్యాటరీల మంటలో చిక్కినవారిలో ఫ్లోరైడ్ రక్తంలోని కాల్షియాన్ని లాగేస్తుంది కాబట్టి గుండె లయను గమనించాలి, కాల్షియం గ్లూకోనేట్ అవసరం పడవచ్చు.

సైనైడ్‌కు విరుగుడు

మూసిన చోట పొగ, నోట్లోనో ముక్కులోనో మసి, మసకబారిన స్పృహ, ఈ మూడూ కలిస్తే సైనైడ్ విషం ఉన్నట్టే లెక్కించాలి. రక్తపోటు పడిపోయినా, గుండె ఆగినా అనుమానం ఇంకా బలపడుతుంది. సైనైడ్ పరీక్ష ఫలితం వచ్చేసరికి రోగి గతి తేలిపోయి ఉంటుంది.

దీనికి మంచి విరుగుడు హైడ్రాక్సోకోబాలమిన్, బీ12 విటమిన్ రూపాల్లో ఒకటి. దాని మధ్యలోని కోబాల్ట్ పరమాణువు సైనైడ్‌ను పట్టుకుని సయనోకోబాలమిన్‌గా మార్చి మూత్రంలో పంపేస్తుంది. ఫ్రాన్స్‌లో చాలాకాలం వాడాక, అమెరికాలో 2006 డిసెంబరులో దీనికి అనుమతి వచ్చింది. పెద్దలకు 5 గ్రాములు, 200 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి, 15 నిమిషాల్లో సిరలోకి ఇస్తారు. పిల్లలకు కిలోకు 70 మిల్లీగ్రాములు. అవసరమైతే మరో విడత. పారిస్‌లో పొగ పీల్చిన 69 మందికి ఇచ్చి 2007లో ప్రచురించిన అధ్యయనంలో 50 మంది బతికారు. మందు ఇవ్వని బృందంతో పోల్చలేదు కనుక అది రుజువు కాదు. అయినా ఈ మందుకున్న బలం వేరే. రోగనిర్ణయం తప్పినా ఇది పెద్దగా హాని చేయదు. చర్మం, మూత్రం కొంతకాలం ఎర్రబడతాయి, రక్తపోటు కొంత పెరుగుతుంది. ఆ ఎర్రదనం ల్యాబ్ యంత్రాలను, కో-ఆక్సిమీటర్‌ను తికమక పెడుతుంది గనుక మందు ఎక్కించకముందే రక్తం తీసి ఉంచాలి.

ఈ మందు మన దేశంలో అంత సులభంగా దొరకదు. మందుల షాపులో ఉండే బీ12 ఇంజెక్షన్‌తో సరిపెట్టవచ్చా అన్న ప్రశ్నకు జవాబు అంకెల్లోనే ఉంది. ఒక్కో యాంపూల్ 1 మిల్లీగ్రామ్ అనుకున్నా, ఒక మనిషికి 5,000 యాంపూళ్లు కావాలి. సయనోకోబాలమిన్ అయితే అందులో సైనైడ్ ముందే కూర్చుని ఉంటుంది.

మిగిలేది సోడియం థయోసల్ఫేట్. భోపాల్ దుర్ఘటన తర్వాత దీన్ని వాడాలా వద్దా అన్న వివాదం వల్ల భారతీయ వైద్యులకు ఈ పేరు పాతదే. పెద్దలకు 12.5 గ్రాములు నెమ్మదిగా సిరలోకి ఇస్తారు. చవక, సురక్షితం, కానీ పని నిదానం. పాత సైనైడ్ కిట్లలో ఉండే నైట్రైట్ల సంగతి వేరు. అవి హీమోగ్లోబిన్‌లో కొంత భాగాన్ని కావాలనే ఆక్సిజన్‌ను మోయలేని మెథ్‌హీమోగ్లోబిన్‌గా మారుస్తాయి. పరిశ్రమలో సైనైడ్ మింగినవాడికి అది సరే. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఇప్పటికే హీమోగ్లోబిన్‌ను తినేసిన మనిషికి, మిగిలినదాన్ని కూడా లాక్కోవడం ప్రాణాంతకం. విరుగుడు ఏదీ లేనిచోట ఆక్సిజన్, రక్తపోటు నిలబెట్టే సెలైన్, మందులు, ఫిట్స్ వస్తే మిడజోలమ్, ఇవే దిక్కు. వీటితోనే బతికినవారూ ఉన్నారు.

హైపర్‌బారిక్ చాంబర్

పీడనం పెంచిన గదిలో ఆక్సిజన్ ఇస్తే కార్బన్ మోనాక్సైడ్ సగానికి దిగే కాలం 20, 30 నిమిషాలకు తగ్గుతుంది. జ్ఞాపకశక్తి నష్టాన్ని ఇది తగ్గిస్తుందా అన్న ప్రశ్నకు వైద్యలోకం ఒక్క మాట మీద లేదు. 1999లో ఆస్ట్రేలియా అధ్యయనం మేలు లేదంది, 2002లో అమెరికా అధ్యయనం ఉందంది, రెంటినీ కలిపి చూసిన 2011 నాటి కొక్రేన్ సమీక్ష తేల్చలేదు. స్పృహ తప్పినవారికి, గర్భిణులకు, గుండె దెబ్బతిన్నవారికి అందుబాటులో ఉంటే వాడతారు. గొంతు భద్రం చేయని రోగిని చాంబర్ కోసం నగరాలు దాటించడం మాత్రం అర్థంలేని సాహసం.

బాగున్నట్టు కనిపించేవారు

పెద్ద ప్రమాదంలో అందరి చూపూ కాలినవారి మీదే ఉంటుంది. మెట్ల మీద నిలబడి, మసి ముఖంతో, 'నాకేం కాలేదు' అంటున్న మనిషిని ఇంటికి పంపేయడం తరచుగా జరుగుతుంది. తలనొప్పి, వాంతి, ఒక్క క్షణమైనా స్పృహ తప్పడం, దగ్గు, గొంతు మార్పు వీటిలో ఏది ఉన్నా అతను రోగే. లక్షణాలు పోయేదాకా, కనీసం 6 గంటలు ఆక్సిజన్‌తో పరిశీలనలో ఉంచాలి. మూసిన గదిలో ఎక్కువసేపు చిక్కుకున్నవారిని ఆలస్యంగా వచ్చే ఊపిరితిత్తుల నీటి కోసం 24 గంటలు గమనించడం మంచిది. కోలుకున్న కొన్ని రోజుల నుంచి ఆరు వారాల లోపు మతిమరుపు, చిరాకు, నడకలో తేడా, వణుకు వచ్చేవారున్నారు. ఇంటివాళ్లు దాన్ని భయం వల్ల అనుకుంటారు. డిశ్చార్జి కాగితంలో ఈ లక్షణాల పేర్లు తెలుగులో రాసి ఇవ్వాలి.

అంబులెన్స్ సిబ్బంది ఆసుపత్రికి అప్పగించే చీటీలో నాలుగు వివరాలు తప్పక ఉండాలి: పొగలో చిక్కుకున్నది మూసిన చోటా కాదా, సుమారు ఎంతసేపు, బయటికి తెచ్చినప్పుడు స్పృహ ఎలా ఉంది, ఆక్సిజన్ ఏ సమయానికి మొదలైంది. ఆక్సిజన్ మొదలుపెట్టకముందు గానీ, మొదలుపెట్టిన కొద్ది నిమిషాల్లోనే గానీ తీసిన రక్తపు గొట్టం ఒకటి, దాని మీద సమయం రాసి, రోగితోపాటు ఇస్తే, రెండు గంటల తర్వాత తీసిన రక్తం దాచిపెట్టే విషాన్ని వైద్యుడు చూడగలుగుతాడు.